ఆరో కంప్యూటరు, నా చెప్పులు

ఆ రోజుల్లో నా నోటికి సెలవుండేది కాదు. కావలిలో ఏ గుమ్మానికి నిమ్మకాయలు వేలాడినా ఆగి, ఆ ఇంటివాళ్లను పిలిచి మరీ వాదించేవాణ్ని (మా వీధిలో నన్ను 'రుజువులోడు' అనేవారు, నేనది బిరుదనుకున్నాను). అలాంటి నేను రేడియో మామకు సహాయకుడిగా చేరాను. పేరుకు రేడియోల మెకానిక్కే గానీ ఆయన కాలేజీలు, ఆఫీసులు మూలపడేసిన కంప్యూటర్లు తెచ్చి, దుమ్ము దులిపి, ఒకదాని భాగం ఇంకొకదానికి బిగించి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సముద్రపు ఒడ్డు బడులకు ఇచ్చేవాడు. నేను ఉపన్యసించే సమానత్వాన్ని ఆయన స్క్రూడ్రైవరుతో, మాట్లాడకుండా చేసేవాడు.

ఒక జాలర్ల ఊరి బడిలో పెద్ద టీచరమ్మ బియ్యం బస్తాల గది మాకోసం ఖాళీ చేయించింది. షరతు ఒకటే: సోమవారం ఆరు కంప్యూటర్లూ పిల్లల ముందు వెలగాలి, లేకపోతే బస్తాలు మళ్లీ లోపలికి వస్తాయి. ఆరోది మొండికేసింది. ఆదివారం మామ టీకి వెళ్లినప్పుడు, గచ్చు కడిగారని చెప్పులు బయట విడిచి వచ్చి, దాని నెత్తిన రెండు దెబ్బలు వేశాను. వెలిగింది. బాగైపోయిందని మామకు చెప్పాను. ఎలాగని అడిగితే, అనుభవం అన్నాను.

సోమవారం బడిలో వండే అక్క కంప్యూటర్లకు బొట్లు పెట్టడానికి కుంకుమ గిన్నెతో వచ్చింది. ఆపి, ప్రతిదానికీ కారణం ఉంటుందని, అది వెతకాలని పావుగంట చెప్పాను. ఐదు వెలిగాయి. ఆరోది వెలగలేదు. రెండు కొట్టాను. లేదు. టీచరమ్మ వరండాలోని బస్తాల వైపు చూసింది. నిన్న వెలిగినప్పుడు నా కాళ్లకు చెప్పులు లేవు. నా కాళ్లు వాటంతటవే చెప్పులు విడిచాయి.

"ఏంది సార్, చెప్పులిప్పినారే?" అంది వంటక్క. "దానికి మొక్కుకుంటా ఉండారా?"

పిల్లలు విరగబడి నవ్వారు. మామ మాత్రం పెట్టె విప్పి, మెమరీ ముక్క ఊడదీసి, ముందు వరసలో పిల్లనడిగి రబ్బరు తీసుకుని, ఉప్పుగాలికి మసకబారిన దాని అంచును పెన్సిలు గీత చెరిపినట్టు తుడిచి బిగించాడు. ఆరోది వెలిగింది. రబ్బరిచ్చిన పిల్ల తన పేరు తెలుగులో కొట్టుకుని, అలా చూస్తూ ఉండిపోయింది. బస్తాలు వంటపాకలోకి పోయాయి.

తిరుగు బస్సులో అంతా ఒప్పుకున్నాను. మామ అన్నాడు: "నిన్న నువ్వు కొడితే ముక్క కదిలి తగులుకునింది అబ్బయా, అంతే. కారణం ఎతకమని నువ్వే గదా చెప్పినావు. నేను ఎతికినాను." ఎగతాళి లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పటికీ వాదిస్తాను, మునుపటికంటే తక్కువసేపు, జేబులో రబ్బరు పెట్టుకుని. అయితే నా ఆఫీసు గదిలో కంప్యూటరు మొరాయిస్తే, రబ్బరు తీసే ముందు ఒకసారి చుట్టూ చూసుకుని, ఎవరూ లేకపోతే, మెల్లగా చెప్పులు విడుస్తాను.