బోర్డు వెనక బీట

పగిలిన గోడను పూజ అతికిస్తుందని మీరూ నమ్ముతారా?

గోదావరిఖని బస్సులో నా పక్కన ఒకాయన ఇనుప చానళ్ల కట్ట పట్టుకొని కూర్చున్నాడు. ఒక ఇంటి సెల్లారు గోడ బీటలు వారితే దాని యజమాని శాంతి పూజ చేయించి, బీటలు కనబడకుండా గోడ ముందు చానళ్లు నిలబెట్టి వాటికి జిప్సం బోర్డు బిగించమన్నాడట.

"బొగ్గు బాయిల మా బాపు పైకప్పును కట్టెతోటి కొట్టి చూసేటోడు అన్నా. డొల్ల సప్పుడొస్తె బయటికి ఉరికేటోడు," అంటూ వేళ్ల కణుపులతో బస్సు రేకును తట్టాడు. "గీ బోర్డు ఏడ కొట్టినా డొల్లనే. ఇగ ఎట్ల ఎరుకైతది?"

"అక్కడ ఎవరుంటారు?"

"నేనే, పిల్లలతోటి. కిరాయి వద్దన్నడు. పూజ గూడ అయింది గద!" నవ్వబోయి ఆగిపోయాడు.

సెంటినరీ కాలనీలో దిగాడు. ఇప్పటికీ నున్నటి గోడ కనిపిస్తే నా వేళ్లు వాటంతటవే తట్టి చూస్తాయి.

మీ ఇంట్లోనూ బీటల మీద ఇలా బోర్డు బిగించి ఉంటే, చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టి స్క్రూడ్రైవర్ పట్టండి. ఆ గదిలో ఎవరూ పడుకోకముందే బోర్డు విప్పి గోడను చూడండి.