కొలను గట్టు మామ

ఫహాహీల్ తీరంలో మేం పనిచేసిన రిసార్టులో ఈతకొలను చూసుకునే రాయచోటి మామది ఒకటే మాట. "కాళ్లు కడుక్కునే దిగాల." షేకులకైనా అదే, అరబ్బీలో.

ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించాక అతిథులు పారిపోయారు, కుళాయిలు ఎండిపోయాయి. పనివాళ్లం ముప్పైమందిమి ఆ కొలను నీళ్లే కాచుకుని తాగాం. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. మామకూ అంతే, కానీ ఆయన చేతిలో వల ఉండేది. గట్టు వెంట తిరుగుతూ రాలిన ప్రతి ఆకునూ తీసేసేవాడు.

ఒక మధ్యాహ్నం తుపాకీ తగిలించుకున్న సైనికుడొకడు బూట్లతోనే కొలను మెట్టు దిగబోయాడు. మామ నీళ్ల చెంబుతో అడ్డం నిలబడి తన మాట చెప్పాడు. వాడు మామ వంక చూసి, బూట్లు విప్పి కాళ్లు కడుక్కున్నాడు. తీరా ఈదలేదు. మెట్టు మీద కూర్చుని దోసిళ్లతో తాగి వెళ్లిపోయాడు.

జోర్డాన్ వైపు పోయే బస్సు వచ్చిన పొద్దున మామ చెయ్యి పట్టుకుని లాగాను.

"నేనూ వస్తే ఈ నీళ్లు చూసేదెవురబ్బీ?"

అందరం పోయాక తాగేదెవరు మామా అని అడగబోయాను. గేటు దగ్గర ఆ సైనికుడే, మరో నలుగురిని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరి బూట్లూ చేతుల్లోనే ఉన్నాయి.