హుసేనప్ప జట్కాలో కనపడని పదార్థం

హుసేనప్ప జట్కాలో నాలుగో చోటు ఖాళీగా కనపడుతుండేది. అది ఖాళీ అని ఎవరైనా నోరు జారారో, హుసేనప్ప గుర్రాన్ని ఆపి మరీ తగాదాకు దిగేవాడు. ముగ్గురు ఎక్కగానే "నిండిపాయె" అని కళ్లెం అందుకునేవాడు. ఆ ఖాళీని వేలుపెట్టి చూపిస్తే, అక్కడ తన తాత కూర్చున్నాడనేవాడు. తాతను కాస్త సర్దుకోమనమంటే, ఆయన కుస్తీలు పట్టిన మనిషి, సర్దుకోవడం రాదనేవాడు.

బండివాళ్లలో పిచ్చివాళ్లు కొత్తేమీ కాదు. హంపీ దారిలో ఎద్దులకు పత్రిక చదివి వినిపించే ఆసామి ఉండేవాడు. గుత్తి స్టేషను ముందు, దిగినవాళ్ల మొహం నచ్చితే గానీ బండి కట్టని సాయిబు ఉండేవాడు. అయితే వాళ్లెవరికీ శాస్త్రం తోడు రాలేదు. హుసేనప్పకు వచ్చింది.

మిషను బడి పంతులమ్మ రాహేలమ్మ రోజూ ఆ జట్కాలో వచ్చి సగం దారిలో బడి దగ్గర దిగిపోయేది. 1934లో ఒకనాడు, ఆమె దారిలో పత్రిక పైకి చదివింది. నక్షత్రమండలాల గుంపుల్లో, మనం ఖాళీ అనుకునే చోట, కంటికి కనపడని పదార్థమేదో ఉందనీ, దాని బరువే ఆ గుంపులను చెదరకుండా పట్టి ఉంచుతోందనీ విదేశీ పండితుడొకడు లెక్కకట్టాడట. ఆ క్షణంలోనే హుసేనప్ప తాతకు బండిలో నుంచి విముక్తి దొరికింది.

"సూస్తివా పంతులమ్మా, నా బండిలో ఉండేది అదే" అన్నాడు.

వార్త, జట్కా చివరికి చేరే కోయిలకుంట్లలో కాఫీ హోటలు చేరింది. ఆ కనపడనివి దేవదూతలేనన్నాడు పాస్టరు జ్ఞానరాజు. మరి దానికి శిస్తు ఎవరు కట్టాలని కరణం బెంగపడ్డాడు. కనపడనిది లేనట్టేనని పెద్ద రైతు పుల్లయ్య తేల్చేశాడు. హుసేనప్ప గుర్రాన్ని హోటలు గుమ్మం దాకా తెచ్చి అందరితోనూ ఒక్కడే వాదించాడు.

వేసవి సెలవుల్లో ఒక గురువారం రాహేలమ్మ కోయిలకుంట్ల దాకా బయలుదేరింది. సొంత బండి ఇరుసు విరగడంతో పుల్లయ్య కూడా ఎక్కాడు. ఆయన ఆకారాన్ని చూసి ఇద్దరి కింద లెక్కకట్టి, హుసేనప్ప బండి నిండిందన్నాడు. పుల్లయ్య మూటను పక్కన పెట్టబోతే ఒప్పుకోలేదు.

"ఒళ్లో పెట్టుకో అన్నా. పదార్థం మింద పెట్టొద్దు."

బడి దాటి, క్రైస్తవుల పాలెం మలుపులో జట్కా ఆగింది. కర్ర ఊతంతో కృపమణి నిలబడి ఉంది. కోతల్లో కొడవలికి తెగిన కాలు చీముపట్టి గుమ్మడికాయంత అయింది. కోయిలకుంట్లకు డాక్టరమ్మ వచ్చేది గురువారం ఒక్కరోజే, పొద్దు నడినెత్తికి రాకముందే వెళ్లిపోతుంది. పాలెం వాళ్లంటే అంటు, వాళ్ల కోసం ఆ దారిలో ఏ బండీ ఆగదు. వాళ్లకు చోటు పెట్టానని చెబితే మిగతావాళ్లు ఎక్కరు. తాత కుస్తీలు ఎందుకు పట్టాడో రాహేలమ్మకు అప్పుడు తెలిసింది.

"ఈమె ఎక్కితే నేను దిగిపోతా" అన్నాడు పుల్లయ్య.

కృపమణి వెనక్కి జరిగింది. "నేను నడిసి వస్తాలే హుసేనన్నా, మీరు పోండి."

నడిస్తే డాక్టరమ్మ అందదు. మరో వారం ఆగితే కాలు దక్కదు. హుసేనప్ప కిందికి దిగాడు. ఊరంతటితో అరిచి వాదించే మనిషి మెల్లగా అన్నాడు:

"దిగన్నా. ఆ సోటు నిండిందని ఊరంతా తిరిగి సెప్తిని. నువ్వే నమ్మకపోతివి."

పుల్లయ్య రోడ్డు చూశాడు. కనుచూపు మేర నీడ లేదు. దిగలేదు. మొహం అటు తిప్పుకున్నాడు. రాహేలమ్మ చెయ్యి అందించి కృపమణిని ఎక్కించింది.

గులకరాళ్ల దారి వచ్చింది. కుదుపుకు పుండు చెక్కకు తగిలి కృపమణి పెదవి కొరుక్కుంది. పుల్లయ్య మొహం ఇటు తిప్పకుండానే తలగుడ్డ విప్పి, ఉండచుట్టి, ఆమె కాలి కింద తోశాడు.

హుసేనప్ప చూడనే చూశాడు.

"పుల్లయ్యన్నా, నీలో గూడా ఆ పదార్థం ఉన్నట్టుండాదే."

"నోరు మూసుకొని తోలప్పా. డాక్టరమ్మ పోతాది."