ఖాలా చూసిన దయ్యం

ఎల్లారెడ్డిలో మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడను అందరం ఉర్దూలో ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్లం. భర్త దుబాయిలో ఉండేవాడు. ఆమెకు తెలుగు చదవడం రాదు గాని దయ్యాల సీరియల్ అంటే ప్రాణం. వారపత్రిక రాగానే నేను చదివి వినిపించేదాన్ని. కథలో తలుపు కిర్రుమంటే చాలు, "జర ఆగు బిడ్డా, చాయ్ పెడత" అని లేచి వెళ్లిపోయేది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మూడు నెలలుగా భర్త ఉత్తరం రాలేదు. దిగులుగా ఉన్న ఆమెను బతిమాలి కామారెడ్డికి మ్యాట్నీకి తీసుకుపోయాను. తెర మీదికి తెల్లచీర దయ్యం జుట్టు విరబోసుకుని రాగానే చేతులతో కళ్లు మూసుకున్నాను. ఖాలా నా చేతులు లాగేసి గట్టిగా అంది:

"అరే, చూడు! దాని జాకెట్ చంక కాడ కుట్లు ఊడినయ్!"

హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత దయ్యం ఎప్పుడొచ్చినా జనం ఆ చంకనే చూశారు.

తిరుగు బస్సులో అడిగాను. "ఖాలా, నీకు భయం కాలేదా?"

"మస్తు అయింది. పానం పోయినంత పనైంది. గందుకే కుట్లు చూసిన. మనకు తెల్సిన పని మీద కన్ను పెడితే భయం జర తగ్గుతది బిడ్డా."

ఉత్తరం ఇంకో పది రోజులకు వచ్చింది. అన్నాళ్లూ ఆమె మా వీధి ఆడపిల్లలందరికీ గౌన్లు కుడుతూనే ఉంది.