ముఖం మీద తువ్వాల

ఇరవయ్యేళ్ల నాటి మాట. ఏన్కూరులో దిగాలని ఖమ్మంలో నేను బస్సెక్కేసరికి పక్కసీటాయన గురక పెడుతున్నాడు. ఎండ నేరుగా ముఖం మీద కొడుతోంది. జాలిపడి నా తెల్ల తువ్వాల ఆయన ముఖం మీద కప్పాను.

దిగ్గున లేచి కూర్చుని, "నేను బతికే ఉన్న సార్," అన్నాడు. బస్సంతా నావైపు చూసింది.

కొత్తగూడెంలో బొగ్గుబాయి పనట ఆయనది. అప్పటికి మూడేళ్ల ముందు ఆయన ఎక్కిన రైలును ఇంకో రైలు గుద్దింది.

"నాకు సోయి తప్పింది. సచ్చిండనుకొని బట్ట కప్పి, వరుసల పండబెట్టిండ్రు. లేసి, చాయ్ దొరుకుతదా అని అడిగిన. పేర్లు రాసుకునేటాయన పుస్తకం ఇడిసిపెట్టి ఉరికిండు."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆయన గొంతు తగ్గించాడు.

"పక్కకున్నాయన్ని గూడ లేపిన సార్. జల్దీ లే అన్నా, మనల్ని సచ్చినోళ్లల్ల రాస్తున్నరు అని ఊపిన. ఆయన లేవలే."

కాసేపటికి మళ్లీ గురక మొదలైంది, ముఖం మీదికి ఎండా వచ్చింది. ఈసారి తువ్వాలను రెండు చేతులతో కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను.

"ఏన్కూరు పోయింది గద సార్, దిగలే ఏంది?" అన్నాడు కండక్టరు.

మెల్లగా మాట్లాడమని తలతో సైగ చేశాను.