ఎలక్ట్రాన్ ఎటు వెళ్లిందంటే

మొన్న శుక్రవారం నుంచి నేను మిడిల్ పాయింట్ బజారులో మా బావగారి షాపు ముందు నుంచి వెళ్లట్లేదు. వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. ఎందుకో చెప్తాను, నవ్వితే నవ్వండి.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానని మీకు తెలుసు కదా. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ హీలియం పరమాణువుని గుద్దితే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఊడొస్తుంది. అది ఏ దిక్కుకి ఎక్కువగా వెళ్తుందో లెక్కగట్టడం నా పని. ల్యాబ్‌లో కొలిచినవాళ్లు గ్రాఫ్ మీద చుక్కలు పెట్టారు. నా లెక్క గీత ఆ చుక్కల మీంచి పోవాలి. పోలేదు. వాళ్ల చుక్కలు ఒక పక్క కుప్పగా ఉంటే నా గీత ఇంకో పక్క లేచింది.

ఆరు నెలలు కూర్చుని, కేంద్రకం ఎలక్ట్రాన్‌ని పక్కకి లాగుతోందని ఒక కరెక్షన్ కలిపాను. దాని మీద ఏకంగా ఒక చాప్టర్ రాశాను. గీత కొంచెం జరిగింది. మిగతా తేడా కొలిచినవాళ్ల పొరపాటేనని తేల్చేశాను.

థీసిస్ ఇచ్చే ముందు పెట్టే ఆన్‌లైన్ సెమినార్ శుక్రవారం జరిగింది. ఆస్టినాబాద్‌లో మా ఇంట్లో నెట్ నిలవదు. బావగారి హార్డ్‌వేర్ షాపులో బాగుంటుందని అక్కడికెళ్లాను. ఆయన సంబరపడిపోయి కౌంటర్ మీద పెద్ద స్పీకర్ పెట్టి, పైపులు కొనడానికొచ్చిన వాళ్లందరికీ మా మరదలు సైంటిస్ట్ అని చెప్పారు. నలుగురు కొనడం మానేసి కూర్చున్నారు.

నేనూ రెచ్చిపోయాను. ప్రయోగం చేసినవాళ్లు డిటెక్టర్ అమరిక ఒకసారి సరిచూసుకోవాలని స్పష్టంగా అన్నాను.

అప్పుడు స్పీకర్‌లోంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. ఆ కొలతలు తీసింది ఆవిడేనట. కోపం లేదు, అదే నా ప్రాణం తీసింది.

"అమ్మా, మేము కోణాన్ని ఎడమవైపు నుంచి కొలిచాం. పేపర్లో రాశాం కూడా. మీరు కుడి నుంచి తీసుకున్నారేమో చూస్తారా?"

చూశాను. మూడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. రెండేళ్లుగా ఆ పేపర్ నా బల్ల మీదే ఉంది.

మేడం, క్షమించండి అన్నాను. ఆ తర్వాత ఇంకేం అన్నానో గుర్తులేదు. కాల్ ముగిసింది. పైపులు కొనడానికొచ్చిన ఒకాయన బావగారిని మెల్లగా హిందీలో అడిగాడు: "భయ్యా, దీదీ ఫెయిల్ హో గయీ క్యా?"

"ఛ, ఫెయిల్ ఏటి. కుడి ఎడమ తికమకయింది, అంతే," అన్నారు బావగారు. నన్ను ఓదార్చాలనే అన్నారు. అప్పటిదాకా విషయం అర్థంకాని ముగ్గురికి కూడా అర్థమైపోయింది.

ఇంటికొచ్చి గ్రాఫ్ తిప్పి వేశాను. తేడా ఇంకా కొంచెం మిగిలింది. అనుమానమొచ్చి నా కరెక్షన్ తీసేశాను. గీత చుక్కల మీంచి గీసినట్టు పోయింది.

గైడ్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఆ చాప్టర్ తీసేయమన్నారు, మిగతా థీసిస్ బ్రహ్మాండంగా ఉందన్నారు. అంటే ఆరు నెలలు నిద్ర మానుకుని నేను చేసిందల్లా, మొదట్నుంచీ సరిగ్గా ఉన్న లెక్కని కష్టపడి పాడుచెయ్యడం.