అన్నయ్య కూర్చోని బంతి

మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, రసం పుచ్చుకున్నాక ఆవరణలో చాపలు పరిచి ప్రేమవిందు పెడతారు. ఆ బంతికి ఒక కట్టుబాటు ఉంది. చివరి విస్తట్లో అన్నం పడేదాకా మొదటి విస్తట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. చిన్నప్పుడు ఆకలికి నకనకలాడుతూ నేను ఆ చివరి విస్తరివాళ్ళని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. నా పక్కన అమ్మ, అమ్మ పక్కన అన్నయ్య. ఎదురుగా వంకాయ కూర చల్లారిపోతూ ఉండేది.

"చల్లారితే చల్లారిందిలేవే. అందరం కలిసి తింటేనే అది ప్రభువు అన్నం" అనేది అమ్మ. ఆమెకు తెలిసిన వేదాంతం అంతే. నాకూ అంతకు మించి ఒంటబట్టలేదు.

అన్నయ్య భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెళ్ళయ్యాక అక్కడ ఒక కొత్త సంఘంలో చేరి, నీళ్ళలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుని, కొన్నేళ్ళకు సంఘపెద్ద కూడా అయ్యాడు. మేం సంతోషించాం. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు మాత్రం, కంచం పెట్టినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"బల్లలో పాలు లేనివాళ్ళతో భోజనంలోనూ పాలు పొందకూడదని మా పాస్టరుగారు చెప్పారమ్మా. నీకు చిన్నప్పుడు నీళ్ళు చిలకరించారంతే. అది బాప్తిస్మం కింద లెక్కలోకి రాదు."

"అమ్మ నిన్ను కన్నదైనా లెక్కలోకి వస్తుందా?" అన్నాను.

అమ్మ నన్నే కసిరింది. చేపల పులుసు గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆ తర్వాత అన్నయ్య ఎప్పుడొచ్చినా మంచినీళ్ళు తాగి, నిలబడే ప్రార్థన చేసి వెళ్ళిపోయేవాడు. అమ్మకు ఇక ఒక్కటే కోరిక మిగిలింది, తను పోయేలోగా కొడుకు పక్కన కూర్చుని ఒక్క పూట తినాలని. ఆ మాట అందరితో చెప్పుకునేది, వీధిలో చేపలమ్మే ఆవిడతో కూడా. వినలేక నేను విసుక్కునేదాన్ని.

చివరికి మోకాళ్ళు వంగని ఆ వయసులో కాలవలో దిగి, అన్నయ్య సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ పైకి లేవలేకపోయింది. తడి చీరతో వణుకుతూ గట్టెక్కి, "ఇక మొదటి ఆదివారం వాడి పక్కనే కూర్చుంటానే" అంది. సంగతి తెలిసి మా చర్చివాళ్ళు ఆమె సభ్యత్వం తీసేశారు. అమ్మ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం నేనే ఆటోలో తీసుకెళ్ళాను. నాకు ఆ బల్లలో పాలు లేదు కనక వెనక కుర్చీలో కూర్చున్నాను. అక్కడ రొట్టె పంచే ముందు ఎవరి తప్పులు వాళ్ళు పైకి ఒప్పుకోవాలి. ఒకాయన లేచి భార్య మీద చెయ్యి చేసుకున్నానన్నాడు. ఒకావిడ సీరియళ్ళు చూశానంది. పెళ్ళిలో అందరూ చదివింపులు చదివిస్తుంటే తానొక్కతే ఊరుకుంటే ఏం బాగుంటుందన్నట్టు, అమ్మ కూడా లేచి నిలబడింది. నవ్వుతూనే చెప్పింది.

"మొన్న శ్రావణ శుక్రవారం మా కామందుగారి భార్య పూర్ణం బూరెలు పంపారండి. తిన్నానండి. నెయ్యి బాగా వేశారు."

కామందుగారికి మా ఊరి చుట్టూ పొలాలు, రొయ్యల చెరువులు ఉన్నాయి. అమ్మ వాళ్ళింట్లో పనిచేస్తూనే ముసలిదైంది. ఏటా శ్రావణంలో ఆ బూరెలు వచ్చేవి, మేం తినేవాళ్ళం. అది తప్పని అమ్మకు తోచలేదు. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని చెప్పింది.

"విగ్రహం ముందు పెట్టినవా అమ్మా?" అని అడిగారు పాస్టరుగారు.

"పూజయ్యాకే కదండీ పంచుతారు?"

భార్యను కొట్టినాయనకు రొట్టె దొరికింది. సీరియళ్ళు చూసినావిడకూ దొరికింది. అమ్మను మాత్రం కొన్నాళ్ళు బల్ల నుంచి ఆపు చేస్తున్నామని అక్కడికక్కడే చెప్పారు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసలో వస్తున్నది అన్నయ్య. పాస్టరుగారి మాట వినపడలేదో, వినపడినా వచ్చేది కొడుకే కదా అనుకుందో, అమ్మ రెండు చేతులూ చాపింది. అన్నయ్య ఆ చేతుల్ని దాటి పక్కావిడకు పళ్ళెం పట్టాడు.

తనను శత్రువులకు అమ్మేసే శిష్యుడికి కూడా ప్రభువు, సిలువకు ముందు రాత్రి బల్ల దగ్గర రొట్టె ముక్క అందించాడు. ఆ కథ చిన్నప్పుడు నాకు చెప్పింది అన్నయ్యే. తిరుగు దారంతా నేను అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"వాడేం చేస్తాడే, పెద్దరికంలో ఉన్నాడు" అంది అమ్మ.

రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆమె బతుకు. మా చర్చి ప్రేమవిందుకు నేను రమ్మంటే, "ఆపులో ఉన్నదాన్ని, రాకూడదే" అనేది. ఫోన్లో అన్నయ్యను మాత్రం అడుగుతూ ఉండేది, "నన్నెప్పుడు కలుపుతారంట్రా?" అని. ప్రార్థన చేస్తున్నామమ్మా అనేవాడు. క్రిస్మస్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం అమ్మ పోయింది. అప్పటికీ కలపలేదు.

ఇంటిముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. కామందుగారి భార్య చక్కెరకేళి అరటిపళ్ళు తీసుకుని వచ్చింది. అమ్మ ఫొటో ముందు ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది. భోంచేసి వెళ్ళండమ్మగారూ అన్నాను.

"ఇవాళ ఉపవాసమమ్మా, ఏమనుకోకు."

ఏ ఉపవాసమో నేను అడగలేదు. మా పేటకు వచ్చిన రోజే ఆవిడకు ఉపవాసం, నా చిన్నప్పటి నుంచీ అంతే. ఆవిడ పెట్టింది తిన్నందుకు అమ్మకు బల్ల పోయింది. ఆవిడ మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకుండా కారెక్కింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నయ్య షామియానా బయట బండి దగ్గర నిలబడ్డాడు. పోయినవాళ్ళ పేరు మీద పెట్టే భోజనం తినకూడదని వాళ్ళ సంఘంలో నియమం. అయినా బంతి చివర అతనికో విస్తరి వేయించాను. వడ్డన అయింది. ఆ ఒక్క విస్తట్లో అన్నం పడలేదు కనక, మా కట్టుబాటు ప్రకారం అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను అరటిపళ్ళు చేతిలో ఉండగానే అన్నయ్య దగ్గరికి వెళ్ళాను.

"నీకోసమే ఆగారు అన్నయ్యా. తినకపోతే మానెయ్, అమ్మ కోసం వచ్చి ఊరికే కూర్చో."

అన్నయ్య బంతి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలో పళ్ళ వైపు చూశాడు.

"అవి పూజలో పెట్టినవా?" అని అడిగాడు.

నేను వెనక్కి వచ్చి, అతని విస్తరి మడిచేసి, ఇక తినండి అన్నాను. అప్పటికే అన్నం చల్లారిపోయింది.